మా గంటలను మీరు లెక్కిస్తున్న పద్ధతి గురించి
బెంగళూరు కంపెనీల మానవ వనరుల విభాగాలకు ఒక కౌన్సెలర్ బహిరంగ లేఖ

మానవ వనరుల విభాగాల అధిపతులకు నమస్కారం.

మీ ఉద్యోగికి వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, మేనేజరు మెయిల్ చూడగానే గుండె దడ మొదలైనా, కంపెనీ పోర్టల్ తెరిచి అక్కడున్న జాబితాలోంచి ఒక కౌన్సెలర్‌ను ఎంచుకుంటారు. ఆ జాబితాలో ఉండే పేర్లలో నాదీ ఒకటి. మీకూ నాకూ మధ్య నేరుగా ఏ ఒప్పందమూ లేదు. మీరు ఒక కౌన్సెలింగ్ సంస్థతో కాంట్రాక్టు రాసుకుంటారు, ఆ సంస్థ నాలాంటివాళ్లకు సెషన్‌కు ఇంత అని చెల్లిస్తుంది. మా పని పరిస్థితుల గురించి సంస్థను అడిగితే, కంపెనీలు ఇచ్చేదే అంత అని మీ వైపు చూపిస్తుంది. మిమ్మల్ని అడిగితే, అది ఆ సంస్థ ఇంటి వ్యవహారం అంటారు. ఇద్దరి మధ్యా ఎవరికీ పట్టని ఈ సంగతిని అందరూ చదివేలా రాయడం తప్ప నాకు వేరే దారి కనిపించలేదు.

ఏటా అక్టోబరు 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం. ఆ వారమంతా మాకు ఊపిరి సలపదు. ఒక కంపెనీలో ఒత్తిడి మీద ప్రసంగం, మరో కంపెనీలో నిద్ర మీద ప్రసంగం, ఇంకొకరికి దీపావళి మిఠాయి పెట్టెతో పాటు పంచే కరపత్రానికి నాలుగు మంచి మాటలు. అదే వారంలో మాకోసం కూడా ఒక వెబినార్ పెడతారు, కౌన్సెలర్లు తమను తాము ఎలా కాపాడుకోవాలో చెప్పడానికి. నీళ్లు బాగా తాగాలి, లోతుగా గాలి పీల్చాలి, రోజూ మూడు మంచి విషయాలు డైరీలో రాసుకోవాలి, కాదు అనడం నేర్చుకోవాలి. ఆఖరి సలహా నాకు బాగా నచ్చుతుంది. అది చెబుతున్న సంస్థే, వరసగా రెండుసార్లు కాదన్న కౌన్సెలర్ పేరును జాబితాలో కిందికి దించేస్తుంది. ఆ వెబినార్ కోసం ఒక సెషన్ వదులుకుంటే ఆ డబ్బూ మాకే పోతుంది.

గాలి పీల్చడం మీద నాకేమీ కోపం లేదు. నేనూ పీలుస్తాను, క్లయింట్లకూ చెబుతాను. కానీ మా అలసటకు మందు ఎక్కువ భాగం మీ కాంట్రాక్టు పత్రంలో ఉంది. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే; మిగతాదంతా దాని వివరణ.

బర్నౌట్, అంటే పని ఒత్తిడి తగ్గక మనిషి పూర్తిగా అలసి చేతులెత్తేసే స్థితి, అనగానే ఇప్పుడు అందరికీ అవుటర్ రింగ్ రోడ్డు మీది అద్దాల భవనాలే కళ్ల ముందు మెదులుతాయి. నిజానికి ఆ ఆలోచన పుట్టింది మావంటివాళ్లను చూసి. హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త న్యూయార్క్‌లో పగలు తన సొంత ప్రాక్టీసు చూసుకుని, సాయంత్రాలు ఒక ఉచిత క్లినిక్‌లో పనిచేసేవాడు. మత్తుమందులకు అలవాటుపడ్డవాళ్లు ఎక్కువగా వచ్చే చోటు అది. అక్కడ ఎంతో ఉత్సాహంతో చేరిన కార్యకర్తలు కొన్నాళ్లకే నీరసించి, చీటికీమాటికీ చిరాకుపడుతూ, సాయం కోసం వచ్చినవాళ్ల మీదే విసుక్కునే స్థితికి రావడం చూసి 1974లో దాని గురించి వ్యాసం రాశాడు. తర్వాత క్రిస్టినా మస్లాక్, సుసాన్ జాక్సన్ 1981లో దాన్ని కొలిచే ప్రశ్నావళి తయారుచేశారు. అదీ మొదట మనుషులతో పనిచేసే వృత్తులవారి కోసమే. ఆపైన మస్లాక్, మైకేల్ లైటర్ కలిసి మనిషికీ ఉద్యోగానికీ పొసగని చోట్లను ఆరుగా విడదీశారు: పని భారం, పని మీద అదుపు, ప్రతిఫలం, తోటివారి తోడు, న్యాయం, విలువలు. నీళ్లు తాగడం ఆ ఆరింటిలో లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన జబ్బుల అంతర్జాతీయ వర్గీకరణ పదకొండో కూర్పులో బర్నౌట్‌ను వివరించినప్పుడు కూడా దాన్ని జబ్బుల్లో చేర్చలేదు. ఉద్యోగానికి సంబంధించిన స్థితి అంది. ఒంట్లో శక్తి అయిపోవడం, చేసే పని నుంచి మనసు దూరం జరగడం లేదా దాని మీద వెగటు పుట్టడం, తన పనికి ఫలితం లేదనిపించడం. ఈ మూడోదాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ముందు లెక్క చూద్దాం. మీ కాంట్రాక్టులో సెషన్ అంటే 50 నిమిషాలు, డబ్బు ఆ 50 నిమిషాలకే. తర్వాతి సెషన్ పది నిమిషాల్లో మొదలవుతుంది. ఆ పది నిమిషాల్లో ఇప్పుడు ముగిసిన సెషన్ నోట్స్ రాయాలి, రాబోయే మనిషి పాత నోట్స్ చదవాలి, మనుషులం కాబట్టి ఒకసారి లేచి వెళ్లి రావాలి. క్లయింటు చనిపోవాలనిపిస్తోందని చెప్పిన రోజున ఆ పది నిమిషాలు గంటన్నర అవుతాయి. ఇంట్లో ఇప్పుడు పక్కన ఎవరున్నారో కనుక్కోవాలి. క్లయింటును ఒప్పించి ఆ మనిషికి ఫోన్ చేయాలి. సైకియాట్రిస్టు అపాయింట్‌మెంట్ దొరికేదాకా క్లినిక్‌ల వెంటపడాలి. ఎవరితో ఏం మాట్లాడామో సమయంతో సహా రాసిపెట్టాలి. ఇదేదీ మీ బిల్లులో ఉండదు. ఈలోగా తర్వాతి క్లయింటు తెర మీద ఎదురుచూస్తుంటారు. ఆయనకు ఇదంతా తెలియదు, తెలియకూడదు కూడా. ముఖం కడుక్కుని వచ్చి కూర్చుని, పోయిన వారం ఎక్కడ ఆపామో గుర్తుచేస్తూ మొదలుపెట్టాలి.

లోపల ఒకటి జరుగుతుండగా బయట మరొకటి కనబరచవలసిన ఈ పనిని సమాజ శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో భావోద్వేగ శ్రమ అంది. ఆమె పరిశీలించినవాళ్లలో ముఖ్యులు విమానాల్లో పనిచేసే ఎయిర్ హోస్టెస్‌లు. విమానాల మాట వచ్చింది కాబట్టి పైలట్ల సంగతి కూడా చెబుతాను. వాళ్ల అలసట గురించి పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ ఆలోచించినప్పుడు ప్రాణాయామం శిక్షణతో సరిపెట్టలేదు. 2024 జనవరిలో సవరించిన నిబంధనల్లో వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచింది. విమాన సంస్థలకు అది నచ్చలేదు, అమలు వాయిదాపడుతూ వచ్చింది, అది వేరే కథ. కౌన్సెలర్ అలసిపోతే విమానం కూలదు, ఒప్పుకుంటాను. మీ ఉద్యోగి అసలు సంగతి చెప్పలేక దాని చుట్టూ తిరుగుతున్నప్పుడు, ఆ తిరుగుడును గమనించే చెవి మాత్రం పనిచేయదు. అది పనిచేయని 50 నిమిషాలకు కూడా మీరు పూర్తి రేటే కడుతున్నారు.

నాకు తెలిసిన చాలా చోట్ల రోజుకు ఏడో ఎనిమిదో సెషన్లు ఆశిస్తారు. నన్నడిగితే ఐదు దాటాక ఏ థెరపిస్టయినా తల ఊపడమే తప్ప వినడం ఉండదు. ఇక క్లయింటు రాకపోతే చాలా సంస్థలు మాకు సగమే ఇస్తాయి, లేదా అసలేమీ ఇవ్వవు. రాకపోవడానికి కారణం తరచూ ఏమిటంటే, మీ మేనేజరు సమావేశాన్ని పొడిగించడం. సమావేశం మీది, ఉద్యోగి మీవాడు, నష్టం మాత్రం మాది.

నాకు దీనికితోడు ఇంకో బరువుంది, అది తెలుగు. ఈ ఊళ్లో తెలుగువాళ్లకు కొదవ లేదు. మారతహళ్లిలో, కె.ఆర్. పురంలో, బెళ్లందూరులో, ఎలక్ట్రానిక్ సిటీలో ఏ ఆంధ్రా మెస్సులో కూర్చున్నా అనంతపురం నుంచి శ్రీకాకుళం దాకా అన్ని యాసలూ చెవిన పడతాయి. మీ పోర్టల్‌లో భాష దగ్గర తెలుగు ఎంచుకుంటే మాత్రం మిగిలే పేర్లు బహు కొద్ది. మొదట అందరూ ఇంగ్లీషులోనే మొదలుపెడతారు. డెడ్‌లైన్లు, అప్రైజల్, పీఐపీ (పనితీరు మెరుగుపరచుకోమని ఇచ్చే గడువు), ఇంటి రుణం వాయిదాలు, వీసా, అంతా ఇంగ్లీషులో సాఫీగా నడుస్తుంది. నాన్న మాట రాగానే, లేదా ఊళ్లో ఒక్కతే ఉంటున్న అమ్మ మాట రాగానే వాక్యం మధ్యలోంచి తెలుగులోకి వచ్చేస్తారు. అక్కడి నుంచి అసలు పని మొదలవుతుంది. ఇది నాకిష్టమైన పని, ఈ ఊళ్లో నేనుండటానికి కారణమే ఇది. చిక్కెక్కడంటే, బరువైన కేసులు వరసగా పడకుండా చూసుకోవడం మా వృత్తిలో మొదట నేర్పే జాగ్రత్త. వేరే కౌన్సెలర్లయితే ఒక హింస కేసు తర్వాత ఒక కెరీర్ సలహా కేసు పెట్టుకోగలరు. తెలుగు కావాలన్నవాళ్లందరికీ ఇద్దరు ముగ్గురమే ఉన్నప్పుడు ఎవరిని ఎవరి దగ్గరికి పంపాలి?

ఇతరుల గాయాలను ఏళ్ల తరబడి వింటే వినేవాళ్లు లోకాన్ని చూసే తీరే మారిపోతుందని 1990లో మెక్‌కాన్, పర్ల్‌మన్ అనే మనస్తత్వవేత్తలు రాశారు. చార్ల్స్ ఫిగ్లీ 1995లో కరుణ చూపీ చూపీ వచ్చే అలసట గురించి రాశాడు. బర్నౌట్ పని ఏర్పాట్ల వల్ల మెల్లగా వస్తుంది. ఇవి వినే విషయం వల్ల వస్తాయి, ఒక్కోసారి ఉన్నట్టుండి వస్తాయి. గృహహింస కేసులు ఎక్కువగా చూసిన నా తోటి కౌన్సెలర్ ఒకామె, పక్కింటి తలుపు గట్టిగా పడినా ఉలిక్కిపడేది. వారం సెలవు తీసుకుని కొడగు వెళ్లి వస్తే తగ్గేది కాదు అది. కేసుల మేళవింపు మార్చితే, వాటి గురించి మాట్లాడుకునే చోటు దొరికితే తగ్గింది.

(ఇందులో మీ తప్పు లేనిదొకటి సరదాకు చెబుతాను. బెంగళూరు పెద్దదే కానీ ఇక్కడి తెలుగు లోకం చిన్నది. అపార్ట్‌మెంట్ వినాయక చవితి పందిట్లో క్లయింటు ఎదురవుతారు. మా పద్ధతి ప్రకారం మేము ముందుగా పలకరించం, వాళ్లు పలకరిస్తేనే పలుకుతాం. పక్కనున్న పిన్నిగారికి అది పొగరులా కనిపిస్తుంది. ఆ పిన్నిగారే మరో పూట ఆపి, "నువ్వు సైకాలజీ చదివావు కదమ్మా, మావాడితో ఒక్క పది నిమిషాలు మాట్లాడు, ఫోను వదలడం లేదు" అంటారు. ఆ పది నిమిషాలు ఎప్పుడూ పది నిమిషాలు కావు.)

మాట్లాడుకునే చోటు అన్నాను. దాన్ని మా వృత్తిలో సూపర్‌విజన్ అంటారు. అనుభవజ్ఞులైన మరో థెరపిస్టు దగ్గర, క్లయింటు ఎవరో బయటపడకుండా, కేసులో నేనేం వింటున్నాను, ఏం వదిలేస్తున్నాను, ఎక్కడ నా సొంత బాధను క్లయింటుకు అంటగడుతున్నాను అని చూసుకోవడం. బ్రిటన్‌లోని కౌన్సెలర్ల సంఘం బీఏసీపీ తన గుర్తింపు పొందిన సభ్యులు నెలకు కనీసం గంటన్నర సూపర్‌విజన్ తీసుకోవాలంటుంది, ఎంత సీనియర్లయినా సరే. మన దగ్గర క్లినికల్ సైకాలజిస్టులు 1992 నాటి చట్టం కింద భారత పునరావాస మండలిలో నమోదు కావాలి. కౌన్సెలింగ్ చేసేవాళ్లలో ఎక్కువమంది ఆ పరిధి బయటే ఉన్నారు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం మానసిక ఆరోగ్య వృత్తులను కూడా తన పట్టికలో చేర్చింది కానీ, నా పని గంటల్లో దానివల్ల ఇప్పటిదాకా ఏ తేడా రాలేదు. కాబట్టి సూపర్‌విజన్‌కు వెళ్లేవాళ్లు సొంత డబ్బుతో, సొంత సమయంలో వెళతారు. కొత్తగా చేరిన పిల్లలకు ఆ డబ్బు ఉండదు. అంటే ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే అది అందదు. మీ ఆఫీసు లిఫ్టుకు ఏడాది నిర్వహణ కాంట్రాక్టు ఉంటుంది. లిఫ్టు ఆగిపోకముందే మనిషి వచ్చి తీగలు చూసి, నూనె వేసి వెళతాడు, ఆ ఖర్చును మీరెప్పుడూ ప్రశ్నించరు. మాకు అడుగుతున్నది అంతకన్నా ఎక్కువేమీ కాదు.

ఇంతవరకూ చెప్పినవి కష్టాలే అయినా ఎలాగో నెట్టుకురావచ్చు. నన్ను నిజంగా తినేసేది వేరే ఉంది. మస్లాక్, లైటర్ చెప్పిన ఆరింటిలో ఆఖరిది, విలువలు.

ఒకే బృందం నుంచి వేర్వేరు మనుషులు, ఒకరు వస్తున్నట్టు ఇంకొకరికి తెలియకుండా, కొన్ని వారాల తేడాతో నా దగ్గరికి వస్తారనుకోండి. (ఇది ఏ ఒక్క కంపెనీ కథా కాదు, ఏ ఒక్క క్లయింటు కథా కాదు. ఈ పని చేసే ఎవరిని అడిగినా తలూపుతారు.) అందరూ చెప్పేది ఒకే మేనేజరు గురించి, రాత్రి తొమ్మిదిన్నరకు మొదలై ఎప్పుడు ముగుస్తుందో తెలియని ఒకే కాల్ గురించి, అందులో పదిమంది ముందు పడే ఒకే రకం చీవాట్ల గురించి. నేను ఒక్కొక్కరికీ నిద్ర అలవాట్లు సరిచేసుకోవడం నేర్పుతాను. ఆలోచనల సుడిలోంచి బయటపడే పద్ధతులు నేర్పుతాను. వాళ్లు శ్రద్ధగా నేర్చుకుంటారు కూడా. కాల్ మాత్రం వచ్చే సోమవారం రాత్రి తొమ్మిదిన్నరకు మళ్లీ ఉంటుంది. అప్పుడు నేను చేస్తున్నది చికిత్సా, లేక వాళ్లు ఇంకొన్నాళ్లు భరించేలా తయారుచేయడమా? ఈ ప్రశ్నతో ఇంటికి వెళ్లడం అన్నిటికన్నా అలసట.

మీరు దుర్మార్గులని నేననడం లేదు. మీకు ఆ కాల్ గురించి తెలిసే దారే లేదు. మూడు నెలలకోసారి మీకు వెళ్లే నివేదికలో ఏముంటుంది? ఎంతమంది వాడుకున్నారు, ఎన్ని సెషన్లు జరిగాయి, ఐదింటికి ఎన్ని నక్షత్రాలు పడ్డాయి. ఎందుకు వస్తున్నారన్న గడి ఉన్నా అందులో ఆందోళన, నిద్రలేమి, సంబంధాలు అని ఉంటుంది. పని ఏర్పాట్లు అన్న గడి నేను చూసిన నివేదికల్లో లేదు.

రావలసిన సమాచారం అలా ఆగిపోతుంటే, రాకూడని సమాచారం కోసం ఫోన్లు వస్తాయి. ఫలానా అతను మీ దగ్గరికి వస్తున్నాడా? ఆమె ఈ ప్రాజెక్టు మోయగలదంటారా? చూచాయగా చెప్పండి చాలు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో 23వ సెక్షన్ మానసిక అనారోగ్యం ఉన్నవారికి గోప్యత హక్కునిచ్చింది, వారికి చికిత్స, సంరక్షణ అందించే నిపుణుల మీద ఆ బాధ్యత పెట్టింది. మరొకరికి హాని జరగకుండా ఆపడం వంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు. ప్రాజెక్టు గడువు ఆ జాబితాలో లేదు. చట్టం లేకపోయినా మా వృత్తి నీతి అదే చెబుతుంది. మీరు మర్యాదగానే అడుగుతారు, మేమూ మర్యాదగానే చెప్పం. కానీ చెప్పనన్న ప్రతిసారీ, వచ్చే ఏడాది కాంట్రాక్టు ఏమవుతుందోనని మా సంస్థ నుంచి ఒక మెత్తని ఫోన్ వస్తుంది. క్లయింటు రహస్యాన్ని కాపాడటం నా పని, దానికి అలిసిపోను. కాపాడినందుకు సంజాయిషీ చెప్పుకోవడం నా పని కాదు.

ఫలితం లేదనిపించడం దగ్గరికి మళ్లీ వస్తానన్నాను. ఏడాదికి ఒక ఉద్యోగికి ఇన్ని సెషన్లే అని మీరు హద్దు పెడతారు. కొన్ని చోట్ల నాలుగు, కొన్ని చోట్ల ఆరు. ఒక చిన్న సమస్యను పట్టుకుని పరిష్కరించడానికి అవి చాలు, కాదనను. కానీ మొదటి సెషన్ ఆఫీసు గురించి, రెండోది నిద్ర గురించి, మూడోది ఇంట్లో గొడవ గురించి నడిచి, నాలుగోదాంట్లో చిన్నప్పటి సంగతి ఒకటి బయటికి వచ్చే మనుషులుంటారు. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పని సంగతి. దాన్ని తెరిచి పెట్టి, ఇక మీ కోటా అయిపోయింది, బయట ఎవరినైనా చూసుకోండి అనాలి. బయట ఎవరున్నారు? ఈ ఊళ్లోనే ఉన్న జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వేర్వేరు మానసిక సమస్యలున్నవారిలో 70 నుంచి 92 శాతం దాకా చికిత్స అందనివారే. హోసూరు రోడ్డులో ఆ సంస్థ గేటు దాకా వెళ్లగలిగినవాళ్లు అదృష్టవంతులు. ఆ సర్వే చేసిన సంస్థ ఉన్న ఊళ్లోనే, ఉన్న కొద్దిమంది కౌన్సెలర్లను రెండు మూడేళ్లలో పిండేసి వదిలేసే పద్ధతిని మీరూ మా సంస్థలూ కలిసి నడుపుతున్నారు. నాతో కలిసి మొదలుపెట్టినవాళ్లలో కొందరు కంపెనీల పని మానేసి సొంత ప్రాక్టీసు పెట్టుకున్నారు. ఒకరు పూర్తిగా మానేసి మీవంటి ఒక మానవ వనరుల విభాగంలో చేరారు. బహుశా ఇది చదువుతుంటారు.

నా వంతు నేను చేసుకోవడం లేదని అనుకోకండి. నోట్స్ రేపటికి వాయిదా వేయను. రాసి మూసేస్తే సగం బరువు కాగితం మీదికి పోతుంది. ఆత్మహత్య ఆలోచనలున్న ఇద్దరిని పక్కపక్క గంటల్లో పెట్టుకోను, పోర్టల్ పెట్టినా మార్చుకుంటాను. నాకూ ఒక థెరపిస్టు ఉంది, ఆమె కన్నడ మనిషి, నా తెలుగు ఏడుపు ఆమెకు బాగానే అర్థమవుతుంది. శనివారాల్లో జయనగర్‌లో ఒక మిత్రురాలి ముందుగదిలో కొందరం కౌన్సెలర్లం కూర్చుంటాం. క్లయింట్ల పేర్లు, కంపెనీల పేర్లు ఎత్తకూడదన్నది నియమం, ఉప్పిట్టు ఎవరు తెచ్చినా తినాలన్నది రెండో నియమం. ఆరింటిలో తోటివారి తోడు అని ఒకటుందే, దానికి మేము చేసుకున్న ఏర్పాటు ఇది.

ఇంట్లోంచే సెషన్లు చేసే రోజులు అన్నిటికన్నా కష్టం. రెండు పడకగదుల ఇంట్లో గోప్యత కోసం తలుపు బయట ఫ్యాను పెట్టి ఆ చప్పుడులో మాటలు కలిసిపోయేలా చూసుకుంటాను. సెషన్ ముగిసి తలుపు తీస్తే నేరుగా వంటగది. ఒకరి చావు గురించి విన్న చెవులతో కుక్కర్ విజిల్ లెక్కపెట్టాలి. అందుకే ఎలక్ట్రానిక్ సిటీలో ఉన్న ఒక ఆఫీసు గదికి వెళ్లే రోజులే నాకిష్టం. 2025 ఆగస్టులో పసుపు మార్గం మెట్రో మొదలయ్యాక తిరుగు ప్రయాణంలో కూర్చోవడానికి చోటు దొరికితే ఆర్.వి. రోడ్డు దాకా ఫోను తీయను. సిల్క్ బోర్డు దగ్గర కింద ఆగిపోయిన వాహనాలను పైనుంచి చూడటంలో కొంచెం పాపపు ఆనందం కూడా ఉంది.

రాత్రుల సంగతి ఇంకా చెప్పలేదు. కొన్ని కంపెనీలు తమ ప్రకటనల్లో 24 గంటలూ కౌన్సెలర్ అందుబాటులో ఉంటారని రాసుకుంటాయి. ఆ 24 గంటలూ ఎవరో ఒకరి ఫోనులో మోగుతాయి. రాత్రి వేళ ఆపదలో ఉన్నవాళ్లకు కావలసింది, అలసి పడుకున్న నేను కాదు, ఆ పనికోసమే మేలుకుని ఉన్న మనిషి. 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరు రాత్రింబవళ్లు ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు, దాని జాతీయ స్థాయి కేంద్రం మీ ఊళ్లోని నిమ్హాన్సే. మీ పోర్టల్ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఆ నంబరు పెట్టడానికి మీకు రూపాయి ఖర్చు లేదు. ప్రాణాపాయం ఉంటే దగ్గర్లోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లమని దాని కిందే రాయండి. మా దగ్గరికి మర్నాడు రానివ్వండి, మేము మేలుకుని ఉంటాం.

మీ కాంట్రాక్టుల్లో చాలావరకు ఏప్రిల్‌లో కొత్తగా రాసుకుంటారు. ఈసారి ముసాయిదా బల్ల మీదికి వచ్చినప్పుడు ధర గడి దగ్గర ఆగకండి. మీరు కట్టే సెషన్ డబ్బులో కౌన్సెలర్ చేతికి ఎంత వెళుతుందో అడిగి, ఆ సమాధానాన్ని కాంట్రాక్టులో రాయించండి. రోజుకు ఐదు సెషన్ల హద్దు పెట్టించండి. ఒక సెషన్‌కు 50 నిమిషాలతో పాటు నోట్స్ సమయానికీ డబ్బు ఉండాలి, ఆపద కేసు వచ్చిన రోజున పట్టిన గంటలను వేరుగా బిల్లు చేసే వీలుండాలి. నెలకు రెండు గంటల సూపర్‌విజన్ ఖర్చు మీరూ సంస్థా పంచుకోండి. మీ ఉద్యోగి రానప్పుడు పూర్తి డబ్బు ఇవ్వండి. అప్పుడు సమావేశాలు ఎందుకు పొడిగిస్తున్నారో మీరే మేనేజర్లను అడుగుతారు. అవసరమని కౌన్సెలర్ రాసిస్తే సెషన్ల హద్దు పెంచే దారి ఒకటి పెట్టండి, ఎవరికి పెంచారో మీ విభాగానికి తెలియకుండా.

నివేదిక ఫారం కూడా మార్చండి. పని గంటలు, మేనేజరు ప్రవర్తన, ఉద్యోగ భయం అన్న గడులు చేర్చండి. ఎవరూ ఎవరినీ గుర్తుపట్టకుండా, పదిమంది కంటే తక్కువ ఉన్న ఏ సమూహం గురించీ విడిగా లెక్కలు ఇవ్వకూడదని రాసుకోండి. వ్యక్తుల గురించి కౌన్సెలర్లకు ఫోన్ చేయకూడదన్న నియమం మీ విభాగానికి మీరే పెట్టుకోవచ్చు, దానికి ఏప్రిల్ దాకా ఆగనక్కర్లేదు.

ఇవన్నీ చేస్తే సెషన్ ధర పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో కౌన్సెలింగ్ సంస్థను లెక్కకట్టి చెప్పమనండి. ఆ లెక్క వచ్చాక, అది ఎక్కువో తక్కువో మాట్లాడటానికి మా శనివారం బృందంలో ఎవరైనా వస్తారు. వెబినార్ అయితే మాత్రం రాము.

ఇట్లు,
మీ పోర్టల్‌లో తెలుగు అని నొక్కితే కనిపించే కొద్దిమందిలో ఒకరు,
బెంగళూరు